నీల్‌కవచ్ ఆఖరి పుస్తకం

నర్సవ్వ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. పుస్తకం చదివే మనిషి చీరల పని ముట్టకూడదు. ఆమె వంతుకు వచ్చిన చీరలకు మిగతా ఆడవాళ్లే తలా ఇంత రాళ్లు అంటించి పెట్టాలి. దీన్ని ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, దేవుడి ముందు ఒట్టూ వేయలేదు. 2015లో మాటవరసకు మొదలై ఆరేళ్లు నడిచింది. ఆ ఆరేళ్లూ సుభాషిణి అన్నం తిన్నది ఆ కట్టుబాటు పుణ్యాన.

సూరత్‌లో, పర్వత్ పాటియా వెనక సందుల్లో, సిరిసిల్ల, కోరుట్ల వైపు నుంచి వచ్చిన సాలోళ్ల, అంటే నేతవాళ్ల, కుటుంబాలు చాలా ఉన్నాయి. మగవాళ్లు మగ్గాల కార్ఖానాలకు పోతారు. ఆడవాళ్లు మార్కెట్ నుంచి వచ్చిన చీరల కట్టలు విప్పుకుని ఇంట్లో కూర్చుంటారు. గమ్ము చుక్క పెట్టాలి, దాని మీద మెరుపు రాయి పెట్టాలి. మళ్లీ చుక్క, మళ్లీ రాయి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. చేతులకు ఊపిరాడనంత పని, చెవులకేమో పనే లేదు. ఖాళీ చెవులు ఊరికే ఉంటాయా? నర్సవ్వ గదిలో పూర్వం వారానికి రెండు తగాదాలు ఖాయంగా జరిగేవి. లలితమ్మ ఒక్కతే వాటిలో సగానికి కారణం, ఆ సంగతి ఆమే ఒప్పుకుంటుంది.

సుభాషిణి ఆ గదికి వచ్చింది చేయి పాడయ్యాక. బాబిన్లు చుట్టే మిషన్‌లో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నలిగిపోయాయి. వేళ్లు ఉన్నాయి గానీ వాటి మధ్య రాయి నిలవదు. మగడు కమలాకర్ ఒక్కడి సంపాదన గది కిరాయికే చాలేది కాదు. అందరూ పని చేస్తుంటే ఆమె గోడకు ఆనుకుని కూర్చునేది, అయినవాళ్ల పెళ్లికి పిలవకుండా వచ్చిన చుట్టంలాగా. ఒకరోజు కిరాణా సామానుతో పాటు బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. హిందీ పుస్తకం. నీలం లోహపు తొడుగు ముఖానికి తగిలించుకున్న వీరుడొకడు అట్ట మీద ఎగురుతున్నాడు.

"నువ్వు సదువుకున్నదానివి గదా, గిండ్ల ఏముందో జర సదువు," అంది నర్సవ్వ.

సుభాషిణి ఊళ్లో ఏడో తరగతి దాకా తెలుగులో చదివింది. హిందీ మాట్లాడటం సూరత్ వచ్చాక అబ్బింది గానీ, హిందీ అక్షరాన్ని నిలువుగా పెట్టినా తలకిందులుగా పెట్టినా ఆమెకు ఒకటే. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. కానీ వేళ్లు పాడైన మనిషికి మిగిలింది చదువు ఒక్కటే, అదీ లేదని నోటితో ఎలా చెబుతుంది? బొమ్మలు చూసి కథ కట్టింది. అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు. ఈమె అబద్ధం మెరుపు రాళ్ల కంటే గట్టిగా అతికింది.

వీరుడి పేరు మాత్రం నిజమే, అట్ట మీద ఏముందో కిరాణా దుకాణంవాడు చెప్పాడు: నీల్‌కవచ్. మిగతాదంతా సుభాషిణిదే. నీల్‌కవచ్ సిరిసిల్ల పిల్లగాడు. చిన్నప్పుడే తప్పిపోయి కార్ఖానాల ఊళ్లో పడ్డాడు. మిషన్‌లో పడి ముఖం కాలితే లోహపు తొడుగు పెట్టుకున్నాడు. ప్రతి పుస్తకంలోనూ చివరి పేజీల్లో ఒక ముసలామె చాయ్ బండి దగ్గర అతనికి ఇంత తినడానికి పెడుతుంటుంది. ఆ ముసలామెకు పోశవ్వ అని పేరు పెట్టింది. పోశవ్వ అతని కన్నతల్లి. కొడుకును వెతుక్కుంటూ వచ్చి, ఆ కొడుక్కే రోజూ అన్నం పెడుతూ గుర్తుపట్టలేకపోతోంది. ఎప్పుడో ఒకనాడు తొడుగు తీస్తాడు, తల్లి చూస్తుంది. ఆ ఒక్కనాటి కోసం గదిలో ఐదుగురు ఆడవాళ్లు ఆరేళ్లు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఒక్కో పేజీ అయ్యాక సుభాషిణి పుస్తకం తిప్పి బొమ్మ అందరికీ చూపించాలి, అది రెండో కట్టుబాటు. అందుకే పాత పేపర్లు కొనే పస్తీ దుకాణం నుంచి పుస్తకం రాగానే ఇంటికి తీసుకుపోయి, బొమ్మలన్నీ ముందే చూసుకుని, మాట ఎక్కడ పడాలో సరిచూసుకుని మర్నాడు వచ్చేది. ముప్పై పుస్తకాలు అలా నడిచాయి.

కరోనా రాకపోతే ఇంకా నడిచేవేమో.

2020లో కార్ఖానాలు మూతపడ్డాయి. ఆ ఐదుగురిలో ఒకామె లింగవ్వ. ఆమె కొడుకు కనకయ్యకు ఇరవై నాలుగేళ్లు, మగ్గాల మీద పని. వాళ్లింట్లో గింజలు అయిపోవచ్చాయి. సందులోని మగపిల్లలు కొందరు కామ్‌రేజ్ దగ్గర హైవే పట్టుకుని ఊరికి నడిచిపోదామన్నారు. కనకయ్య పోనన్నాడు. లింగవ్వే రొట్టెలు కట్టి ఇచ్చి, "పో బిడ్డా, ఊర్ల నీ మేనమామ ఉన్నడు, బుక్కెడు బువ్వన్న దొరుకుతది," అని పంపింది. మహారాష్ట్రలో ధూలియా దాటాక ఫోన్ వచ్చింది, కాళ్లు పుండ్లయ్యాయన్నాడు. తోటివాళ్లు చెప్పిన ప్రకారం అక్కడ ఏదో లారీ ఎక్కాడు. ఆ లారీ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఊరికి చేరలేదు, సూరత్‌కు తిరిగి రాలేదు.

లింగవ్వ అప్పటినుంచి ఫోన్ ఆపలేదు. స్నానానికి పోయినా తలుపు పక్కన పెట్టుకునేది. మళ్లీ చీరలు రావడం మొదలై ఆడవాళ్లు మూతికి గుడ్డలు కట్టుకుని కూడినప్పుడు, ఆమె ఒకరోజు ఉన్నట్టుండి అంది. "సుభాషిణీ, నీల్‌కవచ్ ముసుగు తీసి తల్లికి ముఖం సూపెట్టిన్నాడు నా కనకయ్య ఫోనొస్తది. నేను గట్ల అనుకున్న."

అప్పుడే కాదనాల్సింది. "వస్తది అక్కా," అంది సుభాషిణి. అది కథ అని తెలిసిన మనిషి ఆ గదిలో తను ఒక్కతే.

తను ఒక్కతే అనుకుంది గానీ, అదీ ఎంతోకాలం నిలవలేదు. నర్సవ్వ కొడుకు పెళ్లి లాక్‌డౌన్ సడలింపుల్లో పదిమందితో అయిపోయింది. కోడలు సంధ్యారాణి సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, హిందీ, గుజరాతీ నీళ్లు తాగినట్టు చదువుతుంది. దుకాణంలో బిల్లులు రాసే కొలువు కరోనాలో పోయి ఇంట్లోనే ఉంటోంది. వచ్చిన మొదటి రోజే నీల్‌కవచ్ పుస్తకం చేతిలోకి తీసుకుని రెండు పేజీలు చూసింది. సుభాషిణి ముఖం చూసింది. సంధ్యారాణి పుస్తకం మూసి మర్యాదగా తిరిగి ఇచ్చింది. తర్వాత నల్లా దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు మెల్లగా అంది. "చిన్నత్తా, పుస్తకంల ఆ ముసలామెకు వేరే పేరుంది. పోశవ్వనే మంచిగుంది." అంతే. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ముప్పై ఒకటో పుస్తకం ఆఖరిదని పస్తీ దుకాణంవాడు ముందే చెప్పాడు. రెండోసారి కరోనా వచ్చిపడి అతను కొత్త పుస్తకాలు తెచ్చుకునే స్టేషన్ దగ్గరి అంగడి మూసేయడంతో అది రెండు నెలలు ఆలస్యమైంది. 2021 జూన్‌లో ఒక మధ్యాహ్నం, అందరూ పనిలో ఉండగా, దుకాణంవాడు పుస్తకాన్ని సుభాషిణి ఇంటికి కాకుండా నేరుగా నర్సవ్వ గడప మీదికే తెచ్చి ఇచ్చిపోయాడు. మేలు చేశాననుకున్నాడు పాపం.

సుభాషిణి పుస్తకాన్ని చంకలో పెట్టుకుని లేవబోయింది. "రేపు సదువుత అక్కా. తలకాయ నొస్తుంది."

"రెండు నెలలు ఆగినం. ఇగ గడియ గూడ ఆగం," అంది లలితమ్మ ఆమె కొంగు పట్టుకుని. నర్సవ్వ ఒక పక్క, లలితమ్మ ఒక పక్క, పోలీసుల మాదిరి ఆనుకుని కూర్చున్నారు. ఎదురుగా లింగవ్వ. ఆమె రాళ్లు పెడుతున్న చీర పక్కన పెట్టి, చేతికి అంటిన గమ్ము కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసి మోకాళ్ల ముందు పెట్టుకుంది. రెండు చేతులూ జోడించింది. అది చూశాక సుభాషిణికి ఇక లేచే దారి లేకపోయింది.

మొదటి పేజీలో ఊరు తగలబడుతోంది. నీల్‌కవచ్ మంటల మధ్య నిలబడ్డాడు. సుభాషిణి గొంతు సవరించుకుని, దుష్టులు ఊరికి నిప్పు పెట్టారని, నీల్‌కవచ్ ఆర్పడానికి వచ్చాడని చెప్పింది. అతని చేతుల్లోంచే మంటలు వస్తున్నట్టు బొమ్మలో కనిపిస్తోంది గానీ, దాని మీద బొటనవేలు అడ్డం పెట్టింది. పేజీలు తిరిగాయి. పోశవ్వ చాయ్ బండి వదిలి మంటల్లోకి నడిచి వచ్చింది. నీల్‌కవచ్ ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. పోశవ్వ రెండు చేతులూ అతని ముఖానికున్న తొడుగు మీద వేసింది.

"ఇగో, గుర్తుపట్టింది," అంది నర్సవ్వ. "ఎంత కాలానికి గుర్తుపట్టిందే నా తల్లి."

సుభాషిణి పేజీ తిప్పింది.

తొడుగు ఊడివచ్చింది. దాని వెనక ముఖం లేదు. కళ్లు లేవు, నోరు లేదు. వైర్లు, చిన్న చిన్న బల్బులు, మరమేకులు. పక్క బొమ్మలో పోశవ్వ కుడిచేయి అతని ఛాతీలోకి మోచేతి దాకా పోయి ఉంది. ఆ పక్క బొమ్మలో ఆమె పిడికిట్లో ఏదో వెలుగుతోంది, అతను వెల్లకిలా పడుతున్నాడు. ఆఖరి బొమ్మలో మూసేసిన చాయ్ బండి, బల్ల మీద ఖాళీ తొడుగు.

లలితమ్మ చేతిలో గమ్ము గొట్టం అలాగే ఉండిపోయి, చుక్కలు చుక్కలుగా మార్కెట్‌వాళ్ల చీర మీద కారింది. ఎవరూ చూసుకోలేదు. ముప్పై పుస్తకాల కథ కట్టిన మనిషికి ఆ నాలుగు బొమ్మల మీద పెట్టడానికి ఒక్క మాట దొరకలేదు.

"గిదేంది?" అంది నర్సవ్వ. "తల్లి గాదు ఆమె? సదువు. ఏం రాసిండ్రో సదువు."

"తల్లే సంపింది," అంది లింగవ్వ. గట్టిగా అనలేదు. బొమ్మ వంక చూస్తూ, ఎవరో అడిగితే జవాబు చెబుతున్నట్టు అంది. "సేతులార గుండెకాయ తీసింది. తల్లే."

లలితమ్మకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. పుస్తకాలు అచ్చేసే కంపెనీవాణ్ణి, వాడి తాత ముత్తాతలను తిట్టింది. సంధ్యారాణి వెనక అట్ట చూసి, చదివినవాళ్లు అభిప్రాయం పంపాలని కంపెనీవాళ్లు నంబర్ ఇచ్చారంది. ఫోన్‌లో వెతికితే అప్పటికే వేలమంది రాసి ఉన్నారు. మనమూ రాద్దామంది లలితమ్మ, ముందు వాళ్లు రాసింది చదవమంది నర్సవ్వ.

"జైపూర్ నుంచి ఒకాయన రాసిండు. మూడు రోజులు అన్నం తినలేదంట. భోపాల్‌ల ఒకామె ముప్పయ్యొక్క పుస్తకాలు కుప్ప పోసి కాలవెట్టిందంట. ఒక కాలేజీ పిల్లడు, మా తాత కరోనాతో పోయిన దినం గూడ గింత ఏడ్వలేదన్నడు. ఇంకొకాయన..." సంధ్యారాణి ఆగింది. ఆమె కళ్లు తెర మీద రెండు వరుసలు దాటి కిందికి పోవడం సుభాషిణి చూసింది. "ఇంకొకాయన, మాకు ఇసుంటి ముగింపు వద్దు అన్నడు."

సుభాషిణికి అర్థమైంది. ఆ పిల్ల తనను కాపాడుతోంది. ఏం రాసి ఉన్నా దాన్ని మింగేసి, పోశవ్వను పోశవ్వగానే ఉంచుతోంది. తను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కంపెనీవాడు పాపిష్టివాడు, కథ చెడగొట్టాడు అనుకుంటారు. రేపు పస్తీ దుకాణం నుంచి ఇంకో వీరుడి పుస్తకం వస్తుంది. కట్టుబాటు నడుస్తుంది, పొయ్యి వెలుగుతుంది. గుండెల్లో దడ కొంచెం తగ్గింది కూడా, అబద్ధం చెప్పడమెందుకు.

అప్పుడు లింగవ్వ మోకాళ్ల ముందున్న ఫోన్ తీసుకుంది. పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కిపట్టింది. తెర వెలిగి, ఆరిపోయింది. ఆరిన ఫోన్‌ను కొంగున ముడి వేసుకుంది.

"నేనే పంపిన," అంది. "వాడు పోనన్నడు. రొట్టెలు గట్టి నేనే పంపిన."

పదమూడు నెలల్లో ఆ ఫోన్ ఆరిపోవడం ఆ గది చూడలేదు. తన అబద్ధం ఇంతమందికి కాలక్షేపం అనుకుంది సుభాషిణి ఆరేళ్లూ. అది ఒక తల్లి మెడకు ఉరి అవుతుందని కలలో కూడా అనుకోలేదు.

"లింగక్కా, ఆమె తల్లి గాదు."

ఎవరూ పట్టించుకోలేదు. సుభాషిణి మళ్లీ అంది. "ఆమె వాని తల్లి గాదు. నాకు హిందీ సదువరాదు అక్కా. ఒక్కక్షరం రాదు. బొమ్మలు సూసి నేనే కట్టిన. పోశవ్వ లేదు. సిరిసిల్ల లేదు. తప్పిపోయిన పిలగాడు లేడు. పుస్తకంల ఏమున్నదో నాకు ఎన్నడూ ఎర్క లేదు."

నర్సవ్వ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. కోడలి వైపు తిరిగింది. "ఏమే, నిజమేనా?"

సంధ్యారాణి తల ఊపింది. "నిజమే అత్తమ్మా. ఆమె ఒక డాక్టర్. ఆయన మనిషి గాదు, ఆమె తయారు జేసిన మిషన్. అది చెడిపోయి ఊరు తగలవెడుతుంటే బంద్ చేసింది. సగం మంది ఆమె చేసిందే రైట్ అని రాసిండ్రు."

"నీకెప్పటి సంది తెలుసు?"

"పెండ్లయి వచ్చిన కాడికెళ్లి."

నర్సవ్వ ముఖం కందగడ్డయింది. అరవై ఏళ్ల మనిషి, సందులో ఎవరింట్లో ఏ కూర వండారో వాసనతో చెప్పే మనిషి, తన గదిలోనే ఆరేళ్లు మోసపోయింది. అందులోనూ కోడలికి తెలిసి తనకు తెలియలేదు. "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటే ఏందో అనుకున్న," అంది. "మా మెడలు ఇరిగిపోంగ నీ చీరలకు రాళ్లు వెట్టినం. సదువుకున్న మనిషివని. మేం గుడ్డోళ్లమని ఆడుకున్నవా?"

"ఆడుకోలేదక్కా."

"మరేంది?"

వేళ్లు పోయాయని, ఊరికే కూర్చుంటే సిగ్గేసిందని చెప్పవచ్చు. చెప్పలేకపోయింది. నర్సవ్వ కట్టలోంచి సుభాషిణి వంతు చీర లాగి ఆమె ఒళ్లో పడేసింది. గమ్ము గొట్టం, రాళ్ల పొట్లం ముందుకు తోసింది.

"ఇగో. నీది నువ్వే పెట్టుకో."

సుభాషిణి చీర పరుచుకుంది. ఎడమచేత్తో గమ్ము చుక్క పెట్టింది, పక్కకు పోయింది. కుడిచేత్తో రాయి తీయబోతే జారి నేల మీద దొర్లింది. ఇంకోటి తీసింది, అదీ జారింది. లలితమ్మ ముఖం తిప్పుకుంది. సంధ్యారాణి లేవబోతే అత్త చూపుకు మళ్లీ కూర్చుంది. నాలుగో రాయి కూడా జారింది. సుభాషిణి కళ్లు తుడుచుకోలేదు, కన్నీళ్లు చీర మీద పడితే మరక అవుతుందని తల మాత్రం పక్కకు వంచుకుంది.

"సుభాషిణీ," అంది లింగవ్వ.

"అక్కా."

"నువ్వు జెప్పిన పిలగాడు. సిరిసిల్ల పిలగాడు. వాడు గీ పుస్తకంల లేడంటవు?"

"లేడక్కా. ఏ పుస్తకంల లేడు."

"లేకుంటే, గిండ్ల సచ్చింది వాడు గాదు గద?"

సుభాషిణి తల ఎత్తింది. ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. గదిలో ఎవరూ ఊహించలేదు.

"కాదక్కా," అంది సుభాషిణి. "వాడు గాదు."

"తల్లి గూడ సంపలే."

"సంపలే."

లింగవ్వ కొంగుముడి విప్పింది. గమ్ము ఎండిన వేళ్లకు ముడి వెంటనే లొంగలేదు, పళ్లతో లాగింది. ఫోన్ తీసి మీట నొక్కిపట్టింది. తెర వెలిగి, ఆ పాత ఫోన్ చేసే చిన్న సంగీతం గదంతా వినిపించింది. దాన్ని మోకాళ్ల ముందు, ఎప్పుడూ పెట్టే చోటే పెట్టింది. తర్వాత సుభాషిణి ఒళ్లోంచి చీర లాక్కుని తన ఒళ్లో వేసుకుని, పక్కకు పోయిన గమ్ము చుక్కను గోటితో గీకేసి, సరైన చోట రాయి పెట్టింది. నర్సవ్వ చూస్తూ ఉంది. అడ్డుపడలేదు, కానీ పదిహేను రోజుల దాకా సుభాషిణితో మాట్లాడనూ లేదు.

"సంధ్యా, కంపెనోళ్లకు రాసుడు అయిందా?" అంది లింగవ్వ తల ఎత్తకుండానే.

"ఇంకా రాయలేదత్తమ్మా. ఏం రాయాలె?"

లింగవ్వ ఇంకో చుక్క పెట్టింది, ఇంకో రాయి పెట్టింది.

"మాకు ఆఖరి పుస్తకం ఇంకా రాలేదని రాయి."